మరణదండనము: దిద్దుబాటునకు గడువు

నరహంతను న్యాయస్థానము విచారించి, నేరము రుజువైనదని నిర్ణయించి, వానిని జంపుడని యాజ్ఞాపించునప్పుడు జరుగునది న్యాయమా, లేక రెండవ హత్యయా? ఈ ప్రశ్న మిగుల పాతది. న్యాయవాదవృత్తిలో నున్న మావంటివారు దీనిని తఱచుగా తప్పించుకొని తిరుగుదురు. శాసనమేమి చెప్పుచున్నదో వాదించుట మా పని. ఆ శాసనము ధర్మమా కాదా యని యడుగుట మా పనిగా నెంచము. కాని శాసనము మనుష్యుని ప్రాణమునే తీయునదైనప్పుడు ఆ ప్రశ్నను వాయిదా వేయుట తగదు.

ఈ ప్రశ్నకు రోమను కతోలిక శ్రీసభ 2018వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన క్రొత్త సమాధానమును ప్రకటించెను. మరణదండనము మానవుని గౌరవమునకు విరుద్ధము గావున నంగీకారయోగ్యము కాదనియు, దానిని ప్రపంచమంతట తొలగించుటకై శ్రీసభ పాటుపడుననియు, పోపు ఫ్రాన్సిస్ ఆజ్ఞచే ఆ మతముయొక్క సత్యోపదేశ గ్రంథములో 2267వ పేరా మార్చి వ్రాయబడెను. కతోలికులు కానివారికి దీనితో నేమి పని యని కొందఱడుగవచ్చును. తన మూలబోధ మాఱదని చెప్పుకొను మహాసంస్థ యొకటి, తాను శతాబ్దములకొలది న్యాయమని సమర్థించిన దానిని మన కన్నులయెదుట కాదన్నది. సంస్కరణమునందు శ్రద్ధగలవారికి ఇంతకంటె విచారింపదగిన విషయము మఱి యేమి యుండును? మనస్సాక్షి యెట్లు ఎదుగునో, ఎదుగునప్పుడు దాని నేమి యడ్డగించునో ఇందు స్పష్టముగా గాననగును.

ముందుగా పాతబోధకు న్యాయము జరుగునట్లు దానిని చెప్పవలయును. ప్రతిపక్షి వాదమును బలహీనపఱచి చెప్పి గెలుచుట న్యాయవాదికి గౌరవము కాదు. మనుష్యుడు దేవుని పోలికగా సృజింపబడెను గావున, నరరక్తమును చిందించినవాని రక్తము మనుష్యునిచేతనే చిందింపబడునని ఆదికాండమున గలదు. పరిపాలకుడు ఖడ్గమును ఊరక ధరింపలేదని అపొస్తలుడగు పౌలు రోమీయులకు వ్రాసెను. వీనిని ఆధారముగా జేసికొని, రాజ్యాధికారి ద్వేషముతో గాక విచారణతోను, తొందరతో గాక ఆలోచనతోను నెత్తుటి తీర్పు చెప్పినయెడల పాపము కాదని 1210 ప్రాంతమున మూడవ ఇన్నోసెంట్ పోపు నిర్ణయించెను. 1566లో వెలువడిన రోమను సత్యోపదేశ గ్రంథమును దీనినే బోధించెను.

ఈ వాదమునకు తర్కబలము సమకూర్చినవాడు పదుమూడవ శతాబ్దపు మహాపండితుడగు పునీత తోమాసు అక్వీనాసు. కుళ్లిన యవయవము దేహమంతటికిని చేటు తెచ్చునప్పుడు వైద్యుడు దానిని కోసివేయును గదా! అట్లే సంఘమునకు చేటు తెచ్చువానిని సంఘక్షేమమునకై తొలగింపవచ్చునని యాయన వాదించెను. మఱియొక మెట్టు దిగి, ఘోరపాపము చేసినవాడు వివేకమార్గమును విడిచినవాడై మానవగౌరవమునుండి పతితుడగుననియు, పశుప్రాయుడగుననియు, గావున నిర్దోషిని జంపుట తప్పైనను వానిని జంపుట తప్పు కాదనియు జెప్పెను. విజ్ఞులు ఈ రెండవ మెట్టును జ్ఞాపకముంచుకొందురుగాక. వివాదమంతయు తుదకు దీనిపైననే నిలుచును.

బోధ యిట్లుండగా ఆచరణమెట్లుండెను? 1600వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీన జోర్డానో బ్రూనో యను తత్త్వజ్ఞుని, మతవిరోధియని నిర్ణయించి, రోమునగరములోని కాంపో దె ఫియోరీ యను చదుకమున సజీవముగా దహించిరి. పోపులు స్వయముగా నేలిన రాజ్యమున 1796 మొదలు 1864 వఱకు బుగాత్తి యను నొక్క తలారియే ఐదువందల మందికి పైగా ప్రాణములు తీసెను; వృద్ధుడైన పిమ్మట నతనికి ఉపకారవేతన మిచ్చిరి. ఆ రాజ్యమున తుది మరణదండనము 1870లో, రాజ్యము చేయిజాఱుటకు కొలది వారములకు ముందు, జరిగెను. అదే రోమున 1488లో స్థాపింపబడిన యొక సోదరసమాజమువారు, మరణశిక్ష పడినవానియొద్ద రాత్రియంతయు మేల్కొనియుండి, ఓదార్చి, వధ్యస్థానమువఱకు తోడు వెళ్లి, శవమునకు సంస్కారము జరిపెడివారు. మహాశిల్పియగు మైకెలాంజెలో ఆ సమాజమున సభ్యుడు. ఒక చేత చంపుచు మఱియొక చేత కన్నీరు తుడుచుట ఎంతకాలము సాగెనో చూడుడు! కన్నీరు తుడిచిన చేయి నిజమైనదే. కాని అది మొదటి చేతిని ఆపలేదు.

అట్లని శ్రీసభలో కరుణాధార యెన్నడును లేదనుట యసత్యము. 412 ప్రాంతమున ఉత్తరాఫ్రికాలో కొందఱు మతకక్షచే నొక గురువును జంపి మఱియొకని నంగహీనుని జేసిరి, విచారణలో నేరమొప్పుకొనిరి. హతుడైనవాడు తన పక్షమువాడే యయ్యును, పునీత అగస్తీను విచారణాధికారియగు మార్సెల్లీనునకు జాబు వ్రాసి, ప్రాణమునకు ప్రాణము తీయవలదనియు, వారి స్వేచ్ఛను తగ్గించి ఏదేని యుపయోగకరమగు పనిలో నియమింపుమనియు వేడుకొనెను. ఆ మార్సెల్లీనే 413లో రాజద్రోహమను ననుమానమున మరణదండనమునకు బలియయ్యెను! దయ చూపుమని యెవనిని వేడుకొనెనో వానికే దయ దొరకలేదు. 866లో మొదటి నికొలస్ పోపు, క్రొత్తగా క్రైస్తవమతమును స్వీకరించిన బల్గేరియా రాజునకు వ్రాసిన ప్రత్యుత్తరములలో, దోషులనుగూడ మరణమునుండి రక్షింపుమని హితవు చెప్పెను. 1215లో లాటెరను మహాసభ గురువులు నెత్తుటి తీర్పు చెప్పరాదనియు, దాని యమలులో పాల్గొనరాదనియు శాసించెను. ఆ కార్యము నిజముగా పవిత్రమైనదే యైనయెడల, పవిత్రమగు హస్తమునకు దానినేల నిషేధింపవలెను? తర్కము సమర్థించినదానిని మనస్సాక్షి అప్పటికే జంకుతో జూచుచుండెనని నాకు తోచుచున్నది.

అయినను ఆ జంకు బోధగా మాఱుటకు శతాబ్దములు పట్టెను. తొలి ప్రేరణము వెలుపలినుండియే వచ్చెను. 1764లో బెక్కారియా యను మిలాను నగరవాసి నేరములను శిక్షలను గూర్చి యొక చిన్న పుస్తకము వ్రాసి, హత్యను ద్వేషించు శాసనమే హత్య చేయుట యేమి నీతియని ప్రశ్నించెను. 1766లో శ్రీసభ ఆ పుస్తకమును నిషిద్ధగ్రంథముల పట్టికలో చేర్చెను. 1786లో టస్కనీ ప్రభువు తన రాజ్యమున మరణదండనమును రద్దుచేసెను. పోపుల రాజ్యమును గలుపుకొని యేర్పడిన ఇటలీ రాజ్యము 1889లో తన నేరశాసనమునుండి ఆ దండనమును దీసివేసెను.

ఆ శాసనపు ఫలమునకు ఒక యుదాహరణము చెప్పెదను. 1902 జూలైలో, రోమునకు దక్షిణమున నొక పల్లెలో, మరియ గొరెత్తి యను పదునొకండేండ్ల బాలిక తన మానమును రక్షించుకొనబోయి, ఇరువది యేండ్ల యలెస్సాండ్రో యను పొరుగింటి యువకుని కత్తిపోట్లకు బలియయ్యెను. ప్రాణము విడుచుటకు ముందు ఆ బాలిక వానిని క్షమించితినని చెప్పెను. నాటి శాసనమున ఉరి లేదు. వయస్సు చాలనందున శిక్షయు కొంత తగ్గి, ముప్పది సంవత్సరముల చెఱ పడెను. మొదటి సంవత్సరములలో వాడు పశ్చాత్తాపపడలేదు, పిమ్మట మాఱెను. ఇరువదియేడు సంవత్సరములకు విడుదలయై, హతురాలి తల్లియొద్దకు వెళ్లి క్షమాపణ వేడెను. తన కుమార్తెయే క్షమింపగా తాను క్షమింపకుండుట యెట్లని యామె వానిని క్షమించెను. తుదకు వాడొక సన్యాసుల మఠమున తోటమాలియై బ్రతికి 1970లో చనిపోయెను. 1950లో ఆ బాలికను శ్రీసభ పునీతురాలిగా ప్రకటించెను. తల్లి ఆ మహోత్సవమును కన్నులార చూచెను.

నేడు కతోలికులు ఈ కథను పశ్చాత్తాపమునకు గొప్ప నిదర్శనముగా చెప్పుకొందురు, అది న్యాయమే. కాని యొక్క మాట మఱవరాదు. ఆ పశ్చాత్తాపమునకు కావలసిన కాలమును వానికి ఇచ్చిన దెవరు? అప్పటికి మరణదండనము న్యాయమనియే బోధించుచున్న శ్రీసభ కాదు. శ్రీసభతో విరోధపడియున్న లౌకిక ప్రభుత్వముయొక్క శాసనము. భగవదనుగ్రహము మనము నియమించిన ద్వారముననే రాదు.

ఇక ఇరువదవ శతాబ్దమున బోధ మాఱిన క్రమమును సంగ్రహముగా జూతము. 1952లో పన్నెండవ పయస్ పోపు, దోషి తన నేరముచేతనే జీవించు హక్కును పోగొట్టుకొనెను గావున రాజ్యము దానిని హరించుట లేదని చెప్పెను. ఇది అక్వీనాసు వాదమునకు దగ్గఱి బంధువు. 1929 నాటి వాటికను చట్టమున పోపుపై హత్యాప్రయత్నము చేసినవానికి మరణశిక్ష యుండెను. ఆఱవ పాల్ పోపు 1969లో దానిని తీసివేసెను. 1981 మే 13న రెండవ జాన్ పాల్ పోపుపై ఒకడు తుపాకి కాల్చెను. ఆయన గాయము మాని, 1983లో వాని చెఱగదికే వెళ్లి ప్రక్కన గూర్చుండి మాటాడెను. 1969 నాటి మార్పు లేకున్నను ఆ నేరస్థుడు ఇటలీ శాసనముక్రింద బ్రతికియేయుండును. అయినను పాతచట్టము ప్రకారము చావదగిన నేరమును చేసినవానిని, ఆ నేరమునకు గుఱియైనవాడే పలుకరించుట, ఏ వ్యాఖ్యానమునకంటెను గొప్ప వ్యాఖ్యానము.

ఆ పోపే 1995 మార్చి 25న ప్రకటించిన విశ్వలేఖలో, సంఘమును కాపాడుటకు వేఱు మార్గము లేనప్పుడే మరణశిక్ష చెల్లుననియు, నేటి చెఱసాలల యేర్పాటులచే అట్టి సందర్భములు అత్యంత విరళములు, దాదాపు లేనివేయనియు వ్రాసెను. ఆ లేఖలోనే కయీను కథ నెత్తుకొని, సహోదరుని జంపినవానినిగూడ ఎవరును జంపకుండునట్లు దేవుడు గుఱుతు వేసిన విషయమును జ్ఞాపకము చేసి, హంతకుడైనను తన వ్యక్తిగౌరవమును గోల్పోవడని చెప్పెను. 1997లో సత్యోపదేశ గ్రంథము ఆ మేరకు సవరింపబడెను.

ఇక్కడ న్యాయవాదికి రెండు వేర్వేఱు ఆధారములు కనబడును. మొదటిది, మంచి చెఱసాలలున్నవి గనుక చంపనవసరము లేదనుట. ఇది పరిస్థితి ననుసరించిన వాదము. చెఱసాలలు చెడినయెడల ఉరికొయ్య తిరిగి నిలుచును. రెండవది, ఎంత ఘోరకృత్యము చేసినవాడును మనుష్యుడుగానే యుండును గనుక చంపరాదనుట. ఇది ధర్మము ననుసరించిన వాదము. 1995 నాటి లేఖలో రెండును గలవు. కాని తీర్పు మొదటిదానిపై నిలిచెను. 2018 నాటి మార్పులో చెఱసాలల మాటయు గలదు. కాని తీర్పు రెండవదానిపైకి మాఱెను. వినువారికిది చిన్న తేడాగా దోచవచ్చును. "విరళము" అను మాటను నమ్మరాదని మన దేశమున న్యాయస్థానముల ననుసరించువారు ఎఱుగుదురు. 1980లో మన సుప్రీముకోర్టు బచన్ సింగ్ వ్యాజ్యమున, విరళాతివిరళమగు సందర్భముననే ఉరిశిక్ష విధింపవలయునని తీర్పు చెప్పెను. ఆ కొలత మంచి యుద్దేశముతో నిర్మింపబడినదే. కాని యొక న్యాయమూర్తికి విరళాతివిరళమైనది మఱియొక న్యాయమూర్తికి కాకపోవుట తఱచుగా జూచుచున్నాము. తలుపు వ్రేలెడు తెఱచియుంచినను గాలి వచ్చును.

ఇప్పుడు ఆక్షేపణలను విచారింతము. మొదటిది కతోలికులలోని పండితులదే. 2018 ఆగస్టులో నలువదిమందికి పైగా గురువులును విద్వాంసులును కార్డినలులకు బహిరంగలేఖ వ్రాసి, ఈ క్రొత్త మాట వేదమునకును పూర్వాచార్యుల బోధకును విరుద్ధమైనదనియు, దీనిని ఉపసంహరించుకొనుమని పోపునకు సలహా చెప్పవలయుననియు గోరిరి. వారి తర్కమును తేలికగా ద్రోసివేయరాదు. శ్రీసభ వేల సంవత్సరములు తప్పు బోధించినయెడల నేడు ఒప్పు బోధించుచున్నదనుటకు నమ్మకమేమి? దీనికి రోముపక్షమువారు, ఇది విరోధము కాదు, వికాసము అని చెప్పుదురు. శిశువు పెద్దవాడైనట్లు సత్యము కాలక్రమమున నెదుగునని అయిదవ శతాబ్దమున విన్సెంటు అను సన్యాసి వ్రాసెను. 1845లో జాన్ హెన్రీ న్యూమన్ దీనిని విపులముగా విస్తరించెను.

నా యభిప్రాయమును దాపరికము లేక చెప్పెదను. ఇందు కొంత వికాసము గలదు. కొంత తప్పు దిద్దుకొనుటయు గలదు. మనుష్యుడు దేవుని పోలిక యనుట మొదటినుండియు నున్న విత్తనము. హతుని ప్రాణము పవిత్రమగుటకు ఏ కారణము చెప్పబడెనో, ఆ కారణమే హంతకుని ప్రాణమునకును వర్తించునని గ్రహించుట వికాసము. కాని నేరస్థుడు మానవగౌరవమునుండి పడిపోవునని యొకప్పుడు చెప్పి, పడిపోడని ఇప్పుడు చెప్పుట వికాసము కాదు. ఒకటి నిజమైన రెండవది కాదు. బానిసత్వమును గూర్చియు ఇట్లే జరిగెను. 1452లో నొక పోపు అన్యమతస్థులను బానిసలుగా జేసికొనుటకు పోర్చుగలు రాజునకు అధికారపత్రమిచ్చెను; 1888లో మఱియొక పోపు బానిసత్వమును ఖండించెను. దీనిని ఎదుగుదల యనుటకంటె పశ్చాత్తాపమనుట సత్యమునకు దగ్గఱ. పశ్చాత్తాపము సిగ్గుపడదగినది కాదు. నేరస్థుని పశ్చాత్తాపపడుమని బోధించు సంస్థ తాను పశ్చాత్తాపపడుటకు వెనుదీయనేల? తప్పెన్నడును చేయలేదనువాని బోధకంటె, చేసి దిద్దుకొంటిననువాని బోధను నేను ఎక్కువగా విశ్వసింతును.

రెండవ యాక్షేపణ పండితులది కాదు. అందుచేత మఱింత బరువైనది. నేను వృత్తిలో క్రొత్తగా నున్న కాలమున, ఒక హత్యకేసులో ముద్దాయి పక్షమున పనిచేయు పెద్ద న్యాయవాదికి సహాయుడనై యుంటిని. వాదములు ముగిసిన సాయంకాలము హతుని తల్లి కోర్టు వరండాలో నన్నాపి, "చంపినోడికి మీరున్నారు బాబూ, చచ్చిపోయిన నా కొడుక్కి ఎవరున్నారు?" అనెను. నేను బదులు చెప్పలేకపోతిని. ముద్దాయికి యావజ్జీవశిక్ష పడెను. ఆ ప్రశ్న మాత్రము నాతోనే మిగిలిపోయెను. ఆమెకు క్షమింపుమని చెప్పుటకు నేనెవడను? క్షమాపణ ఆమె సొత్తు. కోర్టుగాని శ్రీసభగాని పోపుగాని దానిని ఆమె చేతినుండి లాగికొనరాదు.

అయినను ఉరిశిక్ష ఆమె కేమి యిచ్చియుండునని యాలోచించితిని. అప్పీలు, దానిపై అప్పీలు, పిమ్మట దయాభిక్ష యర్జీ. సంవత్సరముల తరబడి ఆమె దుఃఖము వాయిదాలకు గట్టివేయబడియుండును. కడపట ఒక తెల్లవాఱుజామున మఱియొక తల్లి యేడ్చును. ఆమె కొడుకు పక్షమున నిలుచుటయనగా నేరమును నేరమని బహిరంగముగా ప్రకటించుట, నేరస్థుని కఠినముగా శిక్షించుట, ఆ కుటుంబమును ఆకలికి విడువకుండుట. ఈ మూడింటిలో మూడవదానిని ప్రభుత్వములు మఱచి, వానికి బదులుగా ఉరిత్రాటిని చూపుచున్నవి. మరణదండనమును ఖండించువారు హతుల బంధువుల గడప త్రొక్కనియెడల వారి కరుణ సగము కరుణయే. ఈ విషయమున మేమందఱమును తప్పు చేసినవారమే.

క్షమ యొకరు కోరి ఇచ్చినప్పుడు ఏమగునో మన దేశముననే చూచితిమి. 1995 ఫిబ్రవరి 25న మధ్యప్రదేశమున, బీదల పక్షమున పనిచేయుచుండిన రాణీ మరియ యను కేరళదేశపు కతోలిక సన్యాసినిని బస్సులో నొకడు కత్తితో పొడిచి చంపెను. వానికి యావజ్జీవశిక్ష పడెను. ఆమె చెల్లెలు, తానును సన్యాసిని, చెఱసాలకు వెళ్లి వానిచేతికి రాఖీ కట్టెను. ఆ కుటుంబము వాని విడుదలకు తోడ్పడెను. 2006లో వాడు బయటికి వచ్చెను. 2017 నవంబరు 4న ఇందోరులో శ్రీసభ ఆమెను ధన్యురాలని ప్రకటించెను. ఉరి తీసియుండినయెడల ఆ రాఖీ కట్టుటకు చేయి యుండెడిది కాదు. ప్రతి హంతకుడును ఇట్లు మాఱునని నేను చెప్పుట లేదు. మాఱనివారు పలువురుందురు, వారిని చెఱలోనే యుంచవలసివచ్చును. కాని యెవడు మాఱును, ఎవడు మాఱడు అని ముందుగా దెలిసికొనగల న్యాయమూర్తి భూమిపై లేడు.

అక్వీనాసు చెప్పిన యవయవపు పోలికలోని లోపము ఇక్కడనే యున్నది. కుళ్లిన వ్రేలు మఱల బాగుపడదు, మనుష్యుడు బాగుపడవచ్చును. అంతేకాదు, వైద్యుడు పొరపాటున మంచి వ్రేలు కోసినను దేహము బ్రతుకును, కోర్టు పొరపాటున నిర్దోషిని ఉరితీసినయెడల ఆ నిర్దోషికి మిగులునదేమియు లేదు. 2025లో దివంగతుడైన పోపు ఫ్రాన్సిస్ ఈ భావమును ఇంకను ముందునకు గొనిపోయి, ఆశకు తావులేని యావజ్జీవ కారాగారమును గుప్తమరణదండనమనెను. 2013లో వాటికను చట్టమునుండి దానినిగూడ తీసివేసిరి. దానికి మన సమాజము సిద్ధముగా నున్నదో లేదో వేఱుగా విచారింపవలసిన విషయము. కాని మొదటి మెట్టు స్పష్టము.

బ్రూనోను దహించిన 1600వ సంవత్సరమునుండి 2018వ సంవత్సరమువఱకు నాలుగువందల పదునెనిమిది సంవత్సరములు. విద్యయు, వేదమును, మహాత్ముల సహవాసమును గల యొక సంస్థకు, చంపరాదని స్పష్టముగా జెప్పుటకు ఇంతకాలము పట్టెను. ఆ కాలము దానికి దొరికెను గావుననే అది దిద్దుకొనగలిగెను. అట్టి సంస్థకే యింత గడువు కావలసివచ్చినప్పుడు, చదువులేని వాడో, త్రాగినవాడో, కోపముచే కన్ను గానని వాడో, నేరము చేసిన కొలది సంవత్సరములలో దిద్దుకొనకున్నయెడల వాని లెక్క ముగిసినదని తీర్పు చెప్పుటకు మనమెవరము?

న్యాయవాదులము ప్రతిదినము చిన్నచిన్న కారణములకు వాయిదా కోరుచుందుము, కోర్టులు ఇచ్చుచుండును. మనుష్యుడు తన తప్పు తెలిసికొని, హతుని తల్లి యెదుట తల వంచుటకు కావలసిన వాయిదాను మాత్రము మన శాసనము ఇంకను నిరాకరింపగలదు. 2024 జూలైనుండి అమలులోనున్న క్రొత్త న్యాయసంహితలోను మరణశిక్ష నిలిచియేయున్నది. చదువరులారా, మీలో శాసనసభలకు వెళ్లువారున్నారు, పత్రికలకు వ్రాయువారున్నారు, న్యాయస్థానములలో గూర్చుండువారున్నారు. ఒక ఘోరనేరమును విన్న దినమున అందఱును ఉరి, ఉరి యని కేకలు వేయుచుండగా, ఆ దినమే ఈ ప్రశ్న నడుగుడు. కోపము చల్లారిన పిమ్మట నడుగుట సులభమే. మఱునాడు హతుని యింటికి వెళ్లుడు. ఈ రెండు పనులను ఒక్క మనుష్యుడే చేసినప్పుడు, కోర్టు వరండాలో నేను బదులు చెప్పలేని యా తల్లికి కొంత బదులు దొరకును.